ట్రైలర్ కొనేముందు దాని కిందికి దూరి చూడండి

ప్రశ్న: అక్కా, మేం డాలస్ దగ్గర ఉంటాం. మా వారు ఎలక్ట్రికల్ ఇంజినీరు, సబ్‌స్టేషన్ పనులు చూస్తారు. వచ్చే అక్టోబర్ నుంచి ఏడు నెలలు నార్త్ డకోటాలో విల్లిస్టన్ వైపు పని. ఆ వెంటనే ఎండాకాలమంతా ఫీనిక్స్ దగ్గర సోలార్ ప్రాజెక్టు. రెండుచోట్లా అద్దెలు కట్టేకంటే ఒక ట్రైలర్, అంటే ట్రక్కుతో లాగే చక్రాల ఇల్లు, కొని అందులోనే ఉండిపోదాం అంటున్నారు. మాకు ఐదేళ్ల పాప. ఎఫ్-150 ట్రక్కు ఉంది, అరవై వేల డాలర్ల దాకా పెట్టగలం. డీలరు 36 అడుగుల ట్రైలర్, నాలుగు స్లైడ్లు (ఆగాక గోడలోంచి బయటికి జరిపి గది పెంచుకునే భాగాలు) ఉన్నది చూపించి, ఇది ఫోర్ సీజన్, అంటే అన్ని కాలాలకూ పనికొచ్చేది, ఏ చలికైనా తట్టుకుంటుంది అన్నాడు. మా అమ్మ కూడా గుడివాడ నుంచి ఆరు నెలలు వచ్చి ఉండాలనుకుంటోంది. ఇది కొనొచ్చా? మా వారు ధైర్యంగానే ఉన్నారు, నాకే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నాది పిచ్చి భయమేనా?

సమాధానం: చెల్లెమ్మా, మీది పిచ్చి భయం కాదు. మీరు వెళ్లబోయే రాష్ట్రం సంగతి ముందు చెప్తాను. 1936లో ఒకే ఏడాదిలో నార్త్ డకోటా తన అతి చలి రికార్డునూ, అతి వేడి రికార్డునూ చూసింది. ఫిబ్రవరిలో పార్షల్ అనే ఊళ్లో మైనస్ 60 ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో మైనస్ 51. జులైలో స్టీల్ అనే ఊళ్లో 121, అంటే దాదాపు 49. ఆ రెండు రికార్డులూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ప్రతి ఏడూ అలా ఉండదు, నిజమే. కానీ విల్లిస్టన్ వైపు జనవరిలో మైనస్ ఇరవై ఫారెన్‌హీట్ రాత్రులు వింతేమీ కాదు. అక్కడ కార్ల ముందు గ్రిల్ లోంచి ఒక ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది. ఇంజిన్ గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటుకు తగిలించి ఉంచుతారు. ఇంజిన్‌కే అంత అవసరమైనచోట పాప నిద్రపోయే గది గోడ రెండంగుళాల మందం కూడా ఉండదంటే, తల్లికి నిద్ర ఎలా పడుతుంది?

అయినా ఆ చలిలో ట్రైలర్‌లో బతకొచ్చు. మా వారి పైప్‌లైన్ పనుల పుణ్యమా అని నేను అక్కడ నాలుగు శీతాకాలాలు గడిపాను. మీరు చూసిన ఆ 36 అడుగులది మాత్రం కొనొద్దు. ఎందుకో చెప్తాను.

ఫోర్ సీజన్ అన్న మాటకు ప్రభుత్వం పెట్టిన కొలత ఏదీ లేదు. ఏ కంపెనీ అయినా ఏ ట్రైలర్ మీదైనా ఆ స్టిక్కర్ అంటించుకోవచ్చు. మాకూ అలాగే అమ్మారు. మొదటి ఏడు ఆ స్టిక్కర్ చూసి నమ్మి, అక్టోబర్‌లో వెళ్లి ట్రైలర్ పార్కులో (ట్రైలర్లు నిలుపుకోవడానికి అద్దెకిచ్చే స్థలంలో) పెట్టుకున్నాం. గదిని వేడిచేసే ఫర్నేస్‌కు ప్రొపేన్ గ్యాసు ఖర్చు ఎక్కువవుతోందని డిసెంబర్‌లో రెండు ఎలక్ట్రిక్ హీటర్లు కొనుక్కొచ్చాను. లోపల వెచ్చగా, హాయిగా ఉంది. థర్మోస్టాట్ 72 చూపిస్తుంటే ఫర్నేస్ ఆగిపోయింది, గ్యాసు మిగిలిందని సంబరపడ్డాను. మూడో రోజు పొద్దున్న కాఫీకి నీళ్లు పడదామంటే కుళాయిలో చుక్క లేదు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ట్రైలర్‌లో నీళ్ల పైపులూ, ట్యాంకులూ నేల కింద ఉంటాయి. వాటిని ఒక ప్లాస్టిక్ షీటుతో మూసేసి, ఫర్నేస్ నుంచి ఒక గొట్టం అందులోకి వదులుతారు. దాన్నే హీటెడ్ అండర్‌బెల్లీ అంటారు. ఫర్నేస్ తిరిగితేనే కిందికి వేడి గాలి వెళ్తుంది. ఎలక్ట్రిక్ హీటర్ మనుషులను వెచ్చబరుస్తుంది గాని పైపులను వెచ్చబరచదు. గదిలో ఎంత వెచ్చగా ఉంటే ఫర్నేస్ అంత తక్కువ తిరుగుతుంది, కింద అంత త్వరగా గడ్డకడుతుంది. రెండు రోజుల తర్వాత కాస్త తెరిపిచ్చాక చూస్తే ట్రైలర్ కింద షీటు బాన పొట్టలా వేలాడుతోంది. మా వారు కత్తితో చిన్న గాటు పెట్టారు. మంచుముక్కలు కలిసిన నీళ్లు, తడిసి ముద్దయిన ఇన్సులేషన్ గుట్టగా కింద పడ్డాయి. పైపు పగల్లేదు, మలుపు దగ్గర ఉండే ఫిట్టింగ్ పగిలింది. లోపల చేయి పెట్టి చూస్తే ఫర్నేస్ నుంచి రావాల్సిన గొట్టం రెండంగుళాలది ఒక్కటే, అదీ ఒక మూలకి తోసేసి ఉంది. నీళ్ల ట్యాంకు ఇంకో మూల.

అందుకే ఏ ట్రైలర్ చూసినా నా మొదటి సలహా ఒక్కటే. వంటగది ఎంత బాగుంది, సోఫా ఎంత మెత్తగా ఉంది అన్నది తర్వాత. ఒక పాత దుప్పటి, టార్చి లైటు పట్టుకెళ్లి ట్రైలర్ కింద పడుకోండి. అండర్‌బెల్లీ షీటులో ఒక భాగం విప్పి చూపించమని అడగండి. ఫర్నేస్ గొట్టం ఏయే ట్యాంకు దగ్గరకు వెళ్తోంది, ట్యాంకులకు 12 వోల్టుల హీటింగ్ ప్యాడ్లు ఉన్నాయా, మురుగు ట్యాంకుల వాల్వులు షీటు లోపల ఉన్నాయా బయట గాలికి ఉన్నాయా, ఇవి చూడండి. వాల్వు బయట ఉంటే జనవరిలో దాని హ్యాండిల్ లాగితే చేతికొచ్చేస్తుంది. విప్పి చూపించం అన్న డీలరు దగ్గర కొనకండి.

తర్వాత చూడాల్సింది స్లైడ్లు. నాలుగు స్లైడ్లంటే గోడకు నాలుగు పెద్ద చిల్లులు పెట్టి, వాటి చుట్టూ రబ్బరు అంచులు అంటించినట్టే. ఆ రబ్బరు చలికి బిగుసుకుపోతుంది, గాలి దూరుతుంది. స్లైడ్ నేల కింద ఇన్సులేషన్ పలచగా ఉంటుంది, అండర్‌బెల్లీ వెచ్చదనం అక్కడిదాకా రాదు. పాప బొమ్మలేసుకుని ఆడుకునేది ఆ నేల మీదే. ఒక్క స్లైడ్ మేలు, రెండుకు మించొద్దు. అలాగే కిటికీలు రెండు పొరల అద్దంవి ఉండాలి. ఒంటి అద్దం కిటికీకి వేడిని ఆపే శక్తి అంటే ఆర్ విలువ ఒకటి, రెండు పొరలకు దాదాపు రెండు. ఇంటి గోడలకు పదమూడు నుంచి ఇరవై ఒకటి దాకా ఉంటుంది. చాలా ట్రైలర్ల గోడలకు ఐదు నుంచి పదకొండు మధ్య. గోడలో అల్యూమినియం ఫ్రేము ఉంటే ఆ లోహం గుండా చలి నేరుగా లోపలికి వస్తుంది. పొద్దున్నే చూస్తే గోడ మీద నిలువు గీతల్లా తడి కనిపిస్తుంది. అవన్నీ లోపలి ఫ్రేము ఉన్న చోట్లు.

కంపెనీ పేర్లు చెప్పమంటే కొన్ని చెప్తాను. ఒరెగాన్‌లోని లా గ్రాండ్‌లో నార్త్‌వుడ్ వాళ్లు ఆర్కిటిక్ ఫాక్స్ ట్రైలర్లు తయారుచేస్తారు. చాసిస్ కూడా వాళ్లదే. చలి ప్రాంతాల్లో పనిచేసేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేవాటిలో అవి ఒకటి. అదే ఊళ్లో అవుట్‌డోర్స్ ఆర్‌వీ ఉంది. కెనడాలో బిగ్‌ఫుట్, టెన్నెసీలో ఆలివర్ వాళ్లు ఫైబర్‌గ్లాస్ అచ్చులో పోసిన ట్రైలర్లు చేస్తారు. వాటికి అతుకులు తక్కువ, లీకులు తక్కువ. కానీ మీ ముగ్గురికీ, ఆపైన అమ్మకూ ఇరుకు. మీ పరిస్థితికి నేనైతే నాలుగైదేళ్ల పాతది, 27 నుంచి 30 అడుగుల లోపుది, ఒకటి రెండు స్లైడ్లున్నది, రెండు పొరల కిటికీలు ఉన్నది చూస్తాను. పాతదైతే మొదటి యజమాని దాని లోపాలన్నీ అప్పటికే చూసి ఉంటాడు, కొత్తది రోడ్డెక్కగానే పడిపోయే ధర మీ నెత్తిన పడదు. ధ్రువీకరించిన ఆర్‌వీ (ఇలాంటి చక్రాల ఇళ్ల) ఇన్‌స్పెక్టర్‌ను డబ్బులిచ్చి పెట్టుకోండి. తేమ కొలిచే మీటరుతో పైకప్పు మూలలు, కిటికీల కింద తట్టి చూస్తాడు. అరవై వేలూ ట్రైలర్ మీదే పెట్టకండి. పదివేలు పక్కన ఉంచుకోండి, ఎందుకో కింద చెప్తాను.

ట్రక్కు సంగతి మీ వారితో కూర్చుని లెక్క చూసుకోండి. డ్రైవరు వైపు తలుపు తీస్తే పసుపు స్టిక్కరు మీద పేలోడ్, అంటే ట్రక్కు మోయగల బరువు, అంకె ఉంటుంది. ఎఫ్-150లో చాలావాటికి అది పదిహేను వందల నుంచి రెండు వేల పౌన్ల మధ్య. ట్రైలర్ నిండా సామానుతో పన్నెండు వేల పౌన్లుందనుకోండి, అందులో పది నుంచి పదిహేను శాతం ట్రక్కు హిచ్ (ట్రైలర్ తగిలించే చోటు) మీద పడుతుంది. అంటే పన్నెండు వందల నుంచి పద్దెనిమిది వందలు. దానికి మీ ముగ్గురి బరువు, మీ వారి పనిముట్ల బరువు కలపండి. లెక్క సరిపోదు. డీలరు ట్రక్కుకు బండి లాగే శక్తి గురించి చెప్తాడు గాని మోసే శక్తి గురించి చెప్పడు. మీరు ఏడాదికి రెండుసార్లే కదిలేది కాబట్టి ఇంకో పెద్ద ట్రక్కు కొనక్కర్లేదు. ట్రైలర్లు లాగి దింపే ట్రాన్స్‌పోర్టర్లు ఉంటారు, వాళ్లకిచ్చేయండి. ఆ గాలుల్లో అంత పొడవు బండిని లాగడం మొదటిసారే నేర్చుకోవాల్సిన విద్య కాదు.

ఇప్పుడు ఆ పదివేలు దేనికంటే, ట్రైలర్ పార్కులో ఆగిన రోజు నుంచి మొదలయ్యే పనులకు. వీటికి సెప్టెంబర్‌లోనే సిద్ధమవ్వాలి. అక్టోబర్‌లో చేరితే నేల గట్టిపడకముందే ట్రైలర్ కింది ఖాళీని చుట్టూ మూసే స్కర్టింగ్ కట్టించండి. రెండంగుళాల ఫోమ్ బోర్డులు నేల దాకా పెట్టి టేపుతో అతికించినా చాలు. ట్రైలర్ కింద గాలి తిరగకుండా ఆగిపోతుంది. చలిలో డబ్బుకు తగ్గ ఫలితం ఇంతకంటే ఇచ్చేది ఇంకోటి నేను చూడలేదు. రెండో ఏడు మేం స్కర్టింగ్ వేసిన రోజు రాత్రే నేల మీద కాలు పెడితే తేడా తెలిసింది. నీళ్లకు హీటెడ్ హోస్ (కరెంటుతో వెచ్చగా ఉండే గొట్టం) కొనండి, పార్కు వాళ్ల కుళాయికి కూడా వేడినిచ్చే హీట్ టేప్ చుట్టి ఉందో లేదో అడగండి. మరీ మైనస్ ముప్పై దిగిన రోజుల్లో మేం హోస్ తీసి లోపల పెట్టేసి, ట్రైలర్ ట్యాంకు నింపుకుని వాడుకునేవాళ్లం. మురుగు వాల్వు ఎప్పుడూ మూసే ఉంచండి, ట్యాంకు నిండాకే ఒక్కసారి తెరవండి. తెరిచి వదిలేస్తే గిన్నెలు కడిగిన నీళ్లు చుక్కచుక్కగా వెళ్లి పైపులో పొరలు పొరలుగా గడ్డకట్టి మూసుకుపోతాయి. ముడతలు పడే గొట్టానికి బదులు వాలుగా పెట్టిన గట్టి పీవీసీ పైపు మంచిది.

గ్యాసు లెక్క ఇలా ఉంటుంది. ట్రైలర్ ముందు ఉండే ముప్పై పౌన్ల సిలిండర్‌లో ఏడు గ్యాలన్ల ప్రొపేన్ పడుతుంది. 35 వేల బీటీయూల (బీటీయూ అంటే వేడికి కొలత) ఫర్నేస్ ఆపకుండా తిరిగితే అది పద్దెనిమిది గంటలకు అయిపోతుంది. గట్టి చలిలో ఒక సిలిండరు ఒకటిన్నర రోజు వచ్చిందంటే బాగా వచ్చినట్టు. తెల్లవారుజామున మూడింటికి సిలిండర్ మార్చడానికి బయటికి వెళ్లే బాధ పడకండి. గ్యాస్ కంపెనీ వాళ్లు పెద్ద ట్యాంకు అద్దెకు పెట్టి, వాళ్లే వచ్చి నింపి వెళ్తారు. పార్కు ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి. పెద్ద ట్యాంకుకు ఇంకో లాభం ఉంది. ప్రొపేన్ మైనస్ 42 సెల్సియస్ దగ్గర ఆవిరి కావడం ఆగిపోతుంది, ఆ దరిదాపుల్లో చిన్న సిలిండర్‌లో పీడనం పడిపోయి మంట సరిగా రాదు. పెద్దదాంట్లో ఎక్కువ గ్యాసు ఆవిరవుతుంది కాబట్టి నిలకడగా ఉంటుంది. ఫర్నేస్ ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది, కాబట్టి గ్యాసున్నా కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే వేడి లేనట్టే. మంచి బ్యాటరీలు, ఒక చిన్న జనరేటర్ తప్పనిసరి.

ఇక మన ఇళ్లకే ప్రత్యేకమైన సమస్య తేమ. అమెరికన్ పొరుగింటావిడ ఓవెన్‌లో పెట్టి తలుపు మూసేస్తుంది. మనం పొద్దున్నే ఇడ్లీ పాత్ర, మధ్యాహ్నం అన్నం, పప్పు కుక్కర్ మూడు విజిల్స్, సాయంత్రం చారు. అది చాలదన్నట్టు ఒక కిలో ప్రొపేన్ కాలితే పొయ్యి మీంచి కిలోన్నరకు పైగా నీరు ఆవిరై గదిలోకే వస్తుంది. ఆ ఆవిరంతా వెళ్లి చల్లటి గోడకు, కిటికీకి తగిలి నీళ్లవుతుంది. మా రెండో శీతాకాలం చివర్లో దుప్పట్లు ఉతుకుదామని మంచం పరుపు ఎత్తాను. అడుగున ప్లైవుడ్ నల్లగా, బూజు పట్టి, వేలు పెడితే మెత్తగా దిగింది. అదే మంచం మీద మా అబ్బాయి మూడు నెలలు దగ్గాడు. జలుబనుకున్నాను. పాప ఉన్నప్పుడు ఇది తేలిగ్గా తీసుకోవద్దు. వంట ఇండక్షన్ స్టవ్ మీద చేసుకోండి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి, ఎంత చలైనా పైకప్పు కిటికీ ఒక వేలు సందు తెరిచి ఉంచండి. తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్ పెట్టి తేమ 40 శాతం దగ్గర ఉంచండి. పరుపు కింద గాలి ఆడే చాప వేయండి. తడి బట్టలు లోపల ఆరేయకండి, పార్కు లాండ్రీకి పోండి. సింకు కింద అల్మారా తలుపు రాత్రి తెరిచే ఉంచండి, పైపులకు వెచ్చదనం తగులుతుంది.

వేడి కోసం గ్యాస్ స్టవ్ మాత్రం ఎప్పుడూ వెలిగించి వదలకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పాత ట్రైలర్ కొంటే డిటెక్టర్ తిప్పి వెనక తేదీ చూడండి. గడువు దాటితే కొన్న రోజే మార్చేయండి. ప్రొపేన్ డిటెక్టర్ నేలకు దగ్గరగా ఉండాలి, ఆ గ్యాసు గాలికంటే బరువు. పాపకు ఎమర్జెన్సీ కిటికీ ఎలా తీయాలో ఆటలా రెండుసార్లు చేయించండి.

ఫీనిక్స్ గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే చలికి సరిపోయేదాంట్లో చాలా భాగం ఎండకూ సరిపోతుంది. 2023లో అక్కడ వరసగా 31 రోజులు పగటి ఎండ 110 ఫారెన్‌హీట్ డిగ్రీలకు తగ్గలేదు. ట్రైలర్ ఏసీ తన గుండా వెళ్లే గాలిని ఒక ఇరవై ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లబరచగలదు, అంతే. ఎండ లోపలికి చొరబడకపోతేనే అది గెలుస్తుంది. రెండు ఏసీలు, దానికి తగ్గ 50 ఆంప్స్ కనెక్షన్ ఉన్నదే కొనండి. ముప్పై ఆంప్స్ అంటే 3,600 వాట్లే. ఏసీ తిరుగుతుంటే మీ ఇండక్షన్ స్టవ్ పెట్టగానే బ్రేకరు పడిపోతుంది. యాభై అంటే పన్నెండు వేల వాట్లు. ఎండవేళ పార్కులో అందరూ ఏసీలు వేస్తే వోల్టేజి పడిపోయి మీ ఏసీ కంప్రెసర్ కాలిపోతుంది, కాబట్టి వోల్టేజి తక్కువైతే కట్ చేసే రక్షణ పరికరం పెట్టుకోండి. చెట్టు నీడ ఉన్న స్థలానికి నెలకు కాస్త ఎక్కువిచ్చినా పర్వాలేదు. కరెంటు పోతే లోపల కూర్చోకండి, కారులో ఏసీ వేసుకుని లైబ్రరీకి వెళ్లిపోండి.

కాగితాల సంగతి రెండు మాటలు. చాలా కంపెనీల వారంటీ శాశ్వత నివాసానికి వర్తించదు, సంతకం పెట్టేముందు ఆ పేరా చదవండి. లోను ఇచ్చేవాళ్లలోనూ కొందరు ఇందులోనే కాపురం ఉంటామంటే ఇవ్వరు. అబద్ధం చెప్పి తీసుకోకండి. ఇన్సూరెన్స్ ఫుల్ టైమర్ పాలసీ, అంటే ట్రైలర్‌లోనే కాపురం ఉండేవాళ్లది, ఉండాలి, మామూలుది చాలదు. మీరు వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉంటే ఇల్లు మారిన పది రోజుల్లో ఏఆర్-11 (ఇమిగ్రేషన్ వాళ్లకు కొత్త అడ్రసు తెలిపే ఫారం) పెట్టాలి, ట్రైలర్ పార్కు అడ్రసైనా సరే. హెచ్-1బీ అయితే పని చోటు మారుతోంది కాబట్టి కంపెనీ సవరణ పిటిషన్ వేయాల్సి రావచ్చు, అది వేశాకే కదలండి. పార్కు చలికాలం తెరిచి ఉంటుందా, నీళ్లు కట్టేస్తారా, పదేళ్లు దాటిన ట్రైలర్లను రానిస్తారా, ఇవన్నీ ట్రైలర్ కొనకముందే ఫోన్ చేసి అడగండి. పార్కు దొరికాకే ట్రైలర్.

అమ్మ విషయం. ఆవిడను విల్లిస్టన్‌కు జనవరిలో రప్పించకండి. ట్రైలర్ మెట్లు నిటారుగా ఉంటాయి, వాటి మీద మంచు పేరుకుంటుంది, మోకాళ్ల నొప్పులుంటే దిగడమే గండం. విల్లిస్టన్ పని అయ్యి మీరు దక్షిణానికి దిగేటప్పుడు, దారిలో కొన్నాళ్లు చల్లగా ఉండే చోట ఆగగలిగితే అప్పుడు పిలవండి. ఫీనిక్స్ జులైలో పొలం గట్టు ఎండ చూసిన గుడివాడ మనిషికీ భరించరానిదే. ఆ మండే నెలల్లో ఆవిడకు డాలస్‌లో తెలిసినవాళ్లింట్లోనో, చిన్న అపార్ట్‌మెంట్‌లోనో ఏర్పాటు చేయగలరేమో చూడండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్తాను. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా విల్లిస్టన్‌లో ఒక గది అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోండి. మొదటి ఏడు ఆ మూడు నెలలకు ఒక తాళంచెవి చేతిలో ఉంటే, పైపు గడ్డకట్టిన రాత్రి పాపను దుప్పట్లో చుట్టుకుని వెళ్లడానికి ఒక చోటు ఉన్నట్టు. మేం మొదటి ఏడు ఆ ఏర్పాటు చేసుకోలేదు. రెండు రాత్రులు కారులో ఇంజిన్ ఆన్ చేసుకుని పడుకున్నాం. ఎగ్జాస్ట్ పైపు చుట్టూ మంచు పేరుకుంటే కార్బన్ మోనాక్సైడ్ కారులోకే వస్తుందని అప్పట్లో నాకు తెలియదు. తెలిసుంటే ఆ కారులో ఒక్క నిమిషం కూడా పడుకునేదాన్ని కాదు.

ఈ శనివారం మీ వారిని తీసుకుని ఆ డీలరు దగ్గరకే మళ్లీ వెళ్లండి. కొనడానికి కాదు, నేర్చుకోవడానికి. కింద పడుకుని అండర్‌బెల్లీ చూసే పని మీ వారికి వదిలేయకండి, మీరూ చూడండి. గొట్టం, ట్యాంకులు, వాల్వులు మూడింటికీ ఫొటోలు తీసి నాకు పంపండి. తర్వాత చూసే ప్రతి ట్రైలర్‌కూ అవే మూడు ఫొటోలు తీసుకుంటే, ఏది కొనాలో మీకే తెలిసిపోతుంది.